దేవుని రుమాలు

కౌతాళం దగ్గర తుంగభద్ర కాలువ తవ్వకం బండలోకి దిగిన ఏడాది, బజారి పిలిస్తే పలకడం మానేశాడు. పెళ్లాం మారెమ్మ అది పొగరనుకుంది. “ఏమప్పా, నోరు యాడ పారేసుకొచ్చినావు?” అని సణిగేది. ఒకరోజు అతని వెనకే ఆమె చేతిలోని కుండ జారి భళ్లున పగిలింది. గుడిసె ముందున్న కుక్క లేచి పారిపోయింది. బజారి మాత్రం వెనక్కి తిరక్కుండా చుట్ట చుట్టుకుంటూనే ఉన్నాడు.

మారెమ్మకు అర్థమైంది. అర్థమయ్యాక ఒళ్లు మండింది.

బజారి తూటాలు కాల్చేవాడు. బండకు తొలిచిన రంధ్రాల్లో మందు కూరి, వత్తులు అంటించి, పరుగున వచ్చి పెద్ద గుండురాళ్ల చాటున కూర్చోవాలి. అన్నీ పేలాక మేస్త్రీ తిక్కయ్య సీటీ ఊదుతాడు. అప్పుడే లేవాలి. ఆ మోతలకే చెవులు పోయిన బజారి, పక్కవాడు లేస్తే తనూ లేస్తూ నెట్టుకొస్తున్నాడు. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని పెళ్లానికి కూడా చెప్పలేదు.

“నాకు సెప్పేకేమి రోగం నీకు?” అని ఆమె అతని చెవిలో అరిచింది.

“యాల అరుస్తావు మే? గుయ్యిమంటాంది, అంతే.”

మర్నాడు తవ్వకం దగ్గర ఆమె తిక్కయ్యకు ఎదురు నిలబడింది. కంట్రాక్టరు గోపాలయ్య కూడా అక్కడే ఉన్నాడు. ఆదోనిలో పత్తి వ్యాపారి. అత్తరు దూది రెండు చెవుల్లోనూ దోపుకుని జీపు పక్కన నిలబడ్డాడు.

“తిక్కయ్యన్నా, తూటాలు కాల్చేటోళ్లకు చెవుల్లోకి ఇంత దూది ఇయ్యి. ఆదోనంతా పత్తే గదా!”

“దూది పెట్టుకుంటే సీటీ ఇనపడదు మే.”

“సీటీ ఇనపడకుంటే గుడ్డ ఊపు. కండ్లు పోల్యా గదా!”

గోపాలయ్య నవ్వాడు. “గుడ్డలు ఊపేకి ఇదేమన్నా రైలు టేసనా?”

“మరి నీ చెవుల్లో అదేంది సావుకారీ?”

“అత్తరు.”

“వాసన సూసేది ముక్కుతో గదా. చెవులకేల?”

ఆమెతోపాటు రాళ్లు మోసే ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. తిక్కయ్య ఆమెను గదమాయించి గంప చూపించాడు.

ఇంటికి వెళ్లి మారెమ్మ దూలానికి వేలాడుతున్న సంచి దించింది. అందులో ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిన మందపాటి రుమాలు ఉంది. దసరా రాత్రి దేవరగట్టులో దేవుని విగ్రహం కోసం ఊళ్లు కర్రలతో కొట్టుకుంటాయి, దెబ్బలు తలల మీద పడతాయి కనుక తలకూ చెవులకూ మడత మీద మడత చుట్టేది అది. తక్కిన ఏడాదంతా స్నానం చేయనిదే దాన్ని తాకరు. తవ్వకంలో పనిచేసే మగవాళ్లందరి ఇళ్లలోనూ అలాంటిది ఒకటుంది. అయినా అందరూ వట్టి తలలతో తూటాల దగ్గరికి పోతున్నారు.

“అది దేవుని రుమాలు మే! పనికాడ కడితే పాపం” అన్నాడు బజారి.

“కట్టెకు పగలగూడని తల, రాయికి పగలొచ్చునా?”

అతనికి వినపడలేదు. ఆమె తన తల మీద పిడికిలితో కొట్టుకుని చూపించింది. తెల్లవారాక అతని చెవుల్లో దూది దూర్చి, రుమాలు తనే బిగించింది.

“ఏమన్నా బజారీ, దసరా ముందే వచ్చినాదా?” అన్నాడు అతనితోపాటు తూటాలు కాల్చే సుంకన్న. బజారి ఊరికే నవ్వాడు.

వత్తులు అంటించి అందరూ గుండ్ల చాటుకు చేరారు. తూటాలు పేలాయి, ఒకటి తప్ప. ఇంతలో సుంకన్న అవతల మరిచిన బీడీల కట్ట కోసం లేచాడు. సీటీ అయిందనుకుని బజారీ లేచాడు. “కూచోండిరా!” అని తిక్కయ్య కేక పెట్టాడు. సుంకన్న విని నేలకు కరుచుకున్నాడు. బజారి నిలబడే ఉన్నాడు.

మిగిలిన తూటా పేలింది. రాయి వచ్చి అతని తలకు తగిలింది.

మారెమ్మ గంప విసిరేసి పరిగెత్తింది. ఎవరో అతన్ని లేపి నిలబెట్టబోతే చేయి మీద కొట్టింది. “కదిలించద్దు!” రుమాలు పై మడతలు చిరిగిపోయాయి. లోపలి మడతలు మాత్రం చెక్కుచెదరలేదు. తల వాచింది కానీ పగలలేదు. బజారి వాంతి చేసుకుని, ఆమెను ఎవరో పరాయిదాన్ని చూసినట్టు చాలాసేపు చూశాడు. తర్వాత అడిగాడు: “అన్నీ పేలినాయా మే?”

“చెవిటోడని ముందే సెప్పల్ల గదా!” అన్నాడు తిక్కయ్య. “వానికింక పని ల్యా.”

“చెవిటోన్ని చేసింది ఎవురు? నీ తూటాలా, నా మొగుడా?”

మర్నాడు బజారి గుడిసెలో పడుకుని ఉన్నాడు. సుంకన్న దేవుని రుమాలు తలకు కట్టుకుని వచ్చాడు. నవ్వబోయినవాళ్లు అతని మొహం చూసి పనిలోకి దిగారు. వత్తులు అంటించే వేళకు మారెమ్మ రాళ్లు పడనంత దూరాన ఉన్న మట్టికుప్ప ఎక్కింది. చిరిగిన రుమాలును, బజారి దేవరగట్టుకు తీసుకెళ్లే కర్రకు కట్టి పైకెత్తింది. “అది దించేదాకా నేను లేసేదిల్యా” అన్నాడు సుంకన్న.

కింద తిక్కయ్య ఆమెను దిగమని చేతులు విసురుతూ అరుస్తున్నాడు. అతని నోరు తెరుచుకోవడం, మూసుకోవడం ఆమెకు కనిపిస్తూనే ఉంది. చెవుల్లో దూది గట్టిగా కూరుకుని, ఆఖరి తూటా దుమ్ము లేచి అణిగేదాకా మారెమ్మ కర్ర దించలేదు.