ఎడమ బుగ్గ నుంచి కుడి బుగ్గకు

బొంబాయిలో మేముండే ఒంటిగదుల వరుసల చాల్‌లో ఆడవాళ్లకు పొద్దున లేవగానే మిశ్రీ ఉండాలి. పొగాకును పెనం మీద నల్లగా మాడ్చి, పొడి చేసి, వేలితో పళ్లకు రుద్దుకునేవాళ్లం. చాలామంది రుద్దుకుని ఉమ్మేసేవారు. నేను చిటికెడు ఎడమ బుగ్గలో దాచుకునేదాన్ని. అది నోట్లో ఉంటే ఆకలి తెలిసేది కాదు, ఇసుక తట్టలు మోసే పని సాగిపోయేది.

ఎనభైల నాటి మాట. టార్చిలైటుతో ఒక డాక్టరమ్మ మా కామాటిపుర గల్లీకి వచ్చి అందరి నోళ్లూ చూస్తానంది. డబ్బులక్కర్లేదంది. అదే మా అనుమానం. కొన్నేళ్ల ముందు పిల్లలు పుట్టకుండా చేసే నస్‌బందీ కోసం మనుషుల్ని బండ్లెక్కించుకుపోయిన సంగతి ఎవరూ మరవలేదు. మా అత్త గడప మీద కూర్చుని, "ముందుగాల నోరు తెరువుమంటరు. ఆన్నుంచి యాడిదాంక పోతరో మనకెర్క లేదా?" అంటే ఆడవాళ్లంతా నవ్వారు.

నా ఎడమ బుగ్గలో తెల్లటి మచ్చ ఉందని డాక్టరమ్మ హిందీలో చెప్పింది. మిశ్రీ ఆనే చోటే లేచిందట. ఒంట్లోని కణాలకు ఎంత పెరగాలో, ఎక్కడ ఆగాలో తెలిసి ఉంటుందట. పొగాకు విషం రోజూ తగిలితే కొన్నిటికి ఆగడం తెలియకుండా పోతుందట. అలాంటివి పుట్టాయేమో చూడాలంటే చిన్న ముక్క కోసి తీయాలి. ఇప్పుడే మిశ్రీ మానేస్తే మచ్చ పోవచ్చు కూడా. ఇదంతా చెప్పి వేలిముద్ర వేయమని కాగితం చాపింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. అందులో ఏముందో ఆమె నోటి మాటే నమ్మాలి. నేను వేయలేదు.

కత్తి తగిలితే మామూలు పుండు కూడా రాచపుండు, అంటే క్యాన్సరు, అవుతుందని మా వాళ్ల నమ్మకం. పైగా నాకు నొప్పి లేదు, మంట లేదు.

"నొప్పి లేని రోగం డాక్టర్లకే దొరుకుతది పిల్లా," అంది అత్త.

అయినా నాలుక ఊరుకోదు. మాటిమాటికీ ఆ గరుకును తడిమేది. డాక్టరమ్మ అబద్ధాన్ని నేనే పట్టుకోవాలనుకున్నాను. మిశ్రీ మానకుండా కుడి బుగ్గకు మార్చాను. ఆమె చెప్పింది నిజమైతే ఎడమ మచ్చ తగ్గాలి. తగ్గకపోతే ఆమె దొంగ. ఎవరికీ చెప్పకుండా అద్దం పెంకు పట్టుకుని కిటికీ వెలుతురులో చూసుకునేదాన్ని.

వానలు పోయి చలి దిగేసరికి ఎడమ మచ్చ పలచబడింది. నాకు అద్దం మీదే అనుమానం వచ్చి పక్కింటి వదినకు నోరు చూపించాను. ఆమె రెండు పక్కలా చూసి, "ఇటు సాఫ్ అయింది గని, అటు తెల్లగైతున్నది గదనే," అంది.

మర్నాడు పని మానుకుని ఆ డాక్టరమ్మ దవాఖానాకు నేనే వెళ్లాను. చేసిన పని చెప్పాను. ఆమె తిట్టలేదు. కోసిన ముక్క ఎక్కడికి పోతుందో, ఎవరు చూస్తారో, నాకు ఎవరు చెబుతారో అన్నీ అడిగాకే వేలిముద్ర వేశాను.

ముక్క సంగతి తెలుసుకోవడానికి మళ్లీ వెళ్లినప్పుడు, ఇంకా రాచపుండు కాలేదని చెప్పారు. అత్త దేవుడికి దండం పెట్టుకుంది. నాకు మాత్రం ఆ 'ఇంకా' మీద నమ్మకం కుదరలేదు. ఆ రోజు నుంచి మిశ్రీ ముట్టలేదు.