బురద బూట్లు

ప్లాన్లు పాస్ చేసే ఆఫీసులో ఆయన టేబుల్ కింద ఎప్పుడూ రబ్బరు బూట్లుంటాయి. అందుకే అందరికీ ఆయన బురదాయన. బిల్డర్లు ఎండాకాలంలో ఫొటోలు తీసి ఇది మెట్ట నేలే అంటారు; ఆయన వాన వెలిసిన మర్నాడు వెళ్లి, కర్ర గుచ్చి, నీరు ఊరిన చోటల్లా ప్లాను మీద నీలం పెన్సిల్ పూస్తాడు. అక్కడ ఇల్లు లేవదు. ప్రకృతి మాత మీద ఉపన్యాసాలివ్వడు. నీళ్లూ ఎక్కడో ఒకచోట ఉండాలి కదా అంటాడు, అంతే. తిరిగొస్తూ అక్క ఇంటి పెరటి కుళాయి దగ్గర బూట్లు కడుక్కుని, ఆమె చేత తిట్లు తింటూ టీ తాగడమే ఒంటిగాడైన ఆయనకున్న సంసారం.

ఈసారి నీలంలో అక్క కొనుక్కోబోతున్న స్థలమూ పడింది.

"అందరివీ చూశావు సరే, నాదొక్కటీ చూడనట్టు ఉండలేవురా?"

"కర్ర దిగిపోయిందక్కా."

"అయితే ఆ కర్రతోనే కాపరం చేసుకో. నా గడప తొక్కకు!"

మళ్లీ వాన పడింది. సైటు నుంచి వస్తూ అక్క గేటు దగ్గర కాసేపు ఆగాడు. గొళ్లెం తియ్యలేదు. ఇంటికి చేరేసరికి బూట్లు అట్టకట్టాయి. మెట్ల మీద కూర్చుని పాత చెంచాతో గీకుతుంటే పక్కింటావిడ అడిగింది, "ఎక్కడిదండీ ఇంత బురద?"

"మా అక్కావాళ్ల వైపుది," అన్నాడు.