కదలని మేస్త్రి

వీధిలో అందరూ స్టూడియో అక్క అని పిలిచే ఆవిడకి ఇప్పుడు స్టూడియో లేదు. ఎవరి ఫోను వాళ్ళ జేబులోకి వచ్చాక, పాస్‌పోర్టు ఫోటో కోసం స్టూలు మీద బిగదీసుకుని కూర్చునేవాళ్ళు కరువైపోయారు. బోర్డు దింపేసింది గానీ పేరు మాత్రం దిగలేదు. ఇప్పుడావిడ పని వంటింట్లో జరుగుతుంది. పొయ్యికి ఇటు పక్క చిన్న బల్ల, బల్ల మీద కంప్యూటరు, ఆ కంప్యూటరు చెప్పినట్టు వినే కెమెరా ఒకటి ఊరికి ఆ చివర. అక్కడ ఓ పెద్ద భవనం కడుతున్నారు. దానికి ఎదుటి మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, ఇనప గొట్టానికి బిగించిన రేకు డబ్బాలో ఉంటుంది ఆ కెమెరా. పది నిమిషాలకొక ఫోటో తీస్తుంది. మబ్బు పడితే ఆవిడ ఇక్కడ కూర తిప్పుతూనే అక్కడ వెలుతురు పెంచుతుంది, ఎండ మండితే తగ్గిస్తుంది. అలా తీసిన వేల ఫోటోల్ని ఒకదాని వెనక ఒకటి ఆడిస్తే, ఏడాదిన్నర కట్టిన భవనం మూడు నిమిషాల్లో లేచి నిలబడుతుంది. భవనం కట్టిస్తున్న కంపెనీ పెద్దసారుకి కావలసింది అదే. ప్రారంభం రోజున నలుగురి ముందూ పెద్ద తెర మీద వేయించాలని ఆయన ముచ్చట.

ఇంట్లో కూర్చుని ఆవిడ చెయ్యలేని పని ఒక్కటే, డబ్బా అద్దం తుడవడం. ఆ సంగతి పావురాలకి బాగా తెలుసు.

ఆ భవనంలోనే ఆవిడ అన్నయ్య తాపీపని చేస్తున్నాడు. తోటివాళ్ళు ఆయన్ని నిదానం మేస్త్రి అంటారు. ఇటుక చేతిలోకి తీసుకుంటే అటూ ఇటూ తిప్పి చూసి, నచ్చిన ముఖం బయటికి పెట్టి, తాపీ పిడితో రెండు దెబ్బలు వేసి, ఒక అడుగు వెనక్కి తగ్గి చూసుకుని గానీ రెండో ఇటుక ముట్టుకోడు. అన్నం తినడమూ అంతే, అడిగినదానికి జవాబు చెప్పడమూ అంతే. కూరలో ఉప్పు సరిపోయిందా అని భార్య అడిగితే, చెయ్యి కడుక్కుని తుడుచుకున్నాక సరిపోయిందని చెప్తాడు. ఈ భవనంతో పని మానేద్దామని ఆయన నిశ్చయం. మోకాళ్ళు పరంజా ఎక్కమని మొరాయిస్తున్నాయి.

ఓ సెలవునాడు చెల్లెలింటికి వచ్చి, టీ తాగి, గ్లాసు కింద పెట్టి, చాలాసేపు ఊరుకుని అడిగాడు.

"నువ్వు తీసే ఆ సినిమాలో నేనుంటానా?"

"నువ్వు లేకపోతే ఇంకెవరుంటారన్నయ్యా? పొద్దస్తమానం కెమెరా ఎదురుగానే కదా నీ పని."

"అలాగని కాదే. కడుతున్నన్నాళ్ళూ గోడ మనదే. రంగు పడ్డాక ఆ గేటు దగ్గరే నిలబడితే ఎవరయ్యా నువ్వంటారు. ఒక్కదాంట్లోనైనా కడుతూ కనపడ్డాననుకో, మీ వదినని తీసుకెళ్ళి చూపిద్దామని."

స్టూడియో అక్కకి మనసు చివుక్కుమంది. అమ్మ పోయాక ఆవిడని పెంచి పెద్ద చేసింది ఈ అన్నయ్యే. ఊళ్ళో సగంమంది మొహాలు ఫోటోలు తీసింది గానీ, అన్నయ్య పనిలో ఉండగా ఒక్కటంటే ఒక్కటి తియ్యలేదు. తప్పకుండా ఉంటావని మాటిచ్చేసింది.

ఆయన అటు వెళ్ళగానే ఇటు కంప్యూటరు ముందు కూర్చుని, అప్పటిదాకా తీసినవన్నీ కలిపి ఆడించింది. గోడ దానంతటదే లేచింది. ఇటుకల కుప్ప తరిగింది, గోడ పెరిగింది, మధ్యలో మనిషనేవాడు లేడు. అన్నయ్య ఒకచోట మెరిశాడు, అది అన్నయ్యేనని పోల్చుకునేలోపు మాయమయ్యాడు. మొత్తం సినిమాలో చెక్కుచెదరకుండా కనపడిన ప్రాణి ఒక్కటే, గేటు పక్కన కుర్చీలో కూర్చున్న వాచ్‌మన్. ఈ రకం సినిమాల తీరే అంత. కూర్చున్నవాడు కనపడతాడు, పనిచేసేవాడు కనపడడు. ఇంటిల్లిపాదీ విసుక్కునేంత నిదానం మనిషి కూడా ఆ కెమెరా కళ్ళకి మరీ చురుకైపోయాడు.

ఆవిడ కాసేపు తల పట్టుకుని, ఆ తర్వాత తనకి బాగా చేతనైన ఉపాయమే చేసింది. ఇన్నేళ్ళూ స్టూలు మీద కూర్చున్న ప్రతివాడికీ చెప్పిన మాటే అన్నయ్యకీ ఫోనులో చెప్పింది.

"డబ్బా మీద చిన్న ఎర్రదీపం ఉంటుంది చూడు. ఫోటోకి ఓ నిమిషం ముందే వెలుగుతుంది. అది వెలగ్గానే వెళ్ళి ఆ మూల స్తంభం పక్కన నిలబడు. రోజూ అదే చోటు. దీపం ఆరేదాకా కదలకు. ఆరాక నీ పని నువ్వు చేసుకో."

"తాపీ చేతిలో పట్టుకోవాలా?"

"పట్టుకో. లేకపోతే మేస్త్రివని ఎవరికి తెలుస్తుంది?"

ఇటుక పెట్టడంలో ఆయనకెంత నిష్ఠో నిలబడటంలోనూ అంతే నిష్ఠ. దీపం వెలగడం ఆలస్యం, చేతిలో ఇటుక కింద పెట్టి, స్తంభం దగ్గరికి నడిచి, తాపీ గుండెల దగ్గర పట్టుకుని నిలబడిపోయేవాడు. దీపం ఆరితే వచ్చి ఇటుక ఎత్తుకునేవాడు. వారం తిరిగేసరికి స్టూడియో అక్క ఫోటోలన్నీ కలిపి చూసి మురిసిపోయింది. అన్నయ్య మూల స్తంభం పక్కన నిండుగా, స్పష్టంగా ఉన్నాడు. పక్కనే గోడ లేస్తోంది. ప్రతి వారం పంపినట్టే ఆ ముక్కనీ పెద్దసారుకి పంపింది.

మర్నాడు మధ్యాహ్నం పెద్దసారు ఫోన్ చేశాడు.

"అమ్మా, ఆ స్తంభం పక్కన విగ్రహం ఎవరిది?"

"విగ్రహం కాదు సార్, తాపీ మేస్త్రి."

"మేస్త్రా? వారం రోజుల ఫోటోలూ చూశాను, ఉలుకూ లేదు పలుకూ లేదు. పక్కన గోడ ఎవరో పాపం కట్టేస్తున్నారు, ఈయన తాపీ పట్టుకుని సోకుగా చూస్తున్నాడు. అదే ఆ వాచ్‌మన్ చూడండి, ఎప్పుడు చూసినా డ్యూటీలోనే ఉన్నాడు. అలాంటివాళ్ళు కావాలి మనకి. ఆ విగ్రహాన్ని రేపట్నించి రానివ్వద్దని పొద్దున్నే ఇంజనీరుకి చెప్పేశాను."

పొయ్యి మీద పప్పు అడుగంటుతున్న వాసన వస్తోంది గానీ ఆవిడ ముక్కు దాకా రాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క పూట ఖాళీగా కూర్చోని మనిషికి సోమరిపోతని ముద్ర వేయించింది, స్వయంగా తనే.

"సార్, ఒక్క పది నిమిషాలు మీరే చూడండి. ఇప్పుడే, మీ కంప్యూటర్లో. క్షణానికొక ఫోటో పంపిస్తాను. ఆయన ఎలా పనిచేస్తాడో మీకే తెలుస్తుంది."

పెద్దసారు సరేనన్నాడు. ఆవిడ గబగబా మీటలు నొక్కి, పది నిమిషాల ఎడం తీసేసి క్షణం పెట్టింది. మొదటి ఫోటోలో అన్నయ్య ఇటుక పట్టుకుని గోడ మీదికి వంగి ఉన్నాడు. రెండోదాంట్లో తలెత్తి కెమెరా వైపు చూస్తున్నాడు. మూడోదాంట్లో ఇటుక కింద పెడుతున్నాడు. తర్వాత కొన్నింటిలో నడుస్తున్నాడు, స్తంభం వైపు.

అప్పుడు తట్టింది ఆవిడకి. క్షణానికొక ఫోటో అంటే దీపం ఇక ఆరదు.

అక్కణ్ణించి వచ్చినవన్నీ ఒకటే ఫోటో. మేస్త్రి, తాపీ, స్తంభం. గోడ మీద కాకి ఒకటి వాలింది, అటూ ఇటూ నడిచింది, ఎగిరిపోయింది. మేస్త్రికి చీమ కుట్టినట్టయినా లేదు. ఆవిడ పెద్దసారుని లైన్లో ఆపి అన్నయ్యకి ఫోన్ చేసింది. చొక్కా జేబులో ఫోను వెలగడం తెర మీద కనపడింది. ఆయన చెయ్యి దాని మీదికి పోలేదు.

"చూశారా," అన్నాడు పెద్దసారు, ఆవిడ మళ్ళీ లైన్లోకి రాగానే. "జేబులో ఫోను మోగుతున్నా తియ్యడు. ఇంత బద్ధకం నేనెక్కడా చూడలేదమ్మా."

ఇక దాచి లాభం లేదు. "సార్, ఆయన మా అన్నయ్య. దీపం వెలిగితే కదలొద్దని నేనే చెప్పాను. సినిమాలో కనపడాలని ఆయనకి ఆశ. తప్పు నాది."

పెద్దసారు వెంటనే దారి చెప్పాడు.

"అయితే కదలమని చెప్పండి."

"కెమెరా ఆపితేనే కదులుతాడు సార్."

"ఆపితే నాకెలా కనపడతాడు?"

"కనపడడు సార్."

పెద్దసారు దీని గురించి ఆలోచిస్తూ ఉండగానే ఆవిడ కెమెరా ఆపేసింది. మొదలుపెట్టిన కెమెరాని మధ్యలో ఆపడం ఆవిడ జన్మలో ఎరగదు. తెర నల్లబడింది. మళ్ళీ అన్నయ్యకి ఫోన్ చేసింది, ఈసారి మొదటి గంటకే ఎత్తాడు. పెద్దసారుకీ వినపడేలా రెండు లైన్లూ కలిపింది.

"ఏమే, ఇవాళ దీపం అంతసేపు ఆరలేదేం?" అన్నాడు అన్నయ్య. "కాలు తిమ్మిరెక్కిపోయింది. పొద్దున ఇంజనీరు చెప్పాడులే, రేపట్నించి నన్ను రావద్దని పైనుంచి మాటొచ్చిందట. నీకూ తెలిసే ఉంటుంది, ఆఖరిసారి కదాని ఎక్కువసేపు తీస్తున్నావనుకున్నా. అందుకే రెప్ప కూడా వెయ్యకుండా నిలబడ్డా. బాగా పడ్డానా?"

స్టూడియో అక్కకి ఏడుపు ముంచుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పడ్డావన్నయ్యా, చాలా బాగా పడ్డావు," అంది.

"సరే ఉండు, కలిపిన సిమెంటు మాలు గట్టిపడిపోతోంది. సాయంత్రంలోగా ఇంత గోడైనా లేపి పోవాలి."

ఆయనకి ఫోన్ పెట్టేయడం అలవాటు లేదు. అలాగే గోడ మీద ఉంచినట్టున్నాడు. మాలు పరుస్తున్న గరగర వినపడింది. ఇటుక దించిన చప్పుడు. తాపీ పిడితో రెండు దెబ్బలు. తర్వాత కాస్త నిశ్శబ్దం, మళ్ళీ గరగర. తెర మీద ఏమీ లేదు. వంటింట్లో ఆవిడా, ఎక్కడో ఆఫీసులో పెద్దసారూ ఆ చప్పుళ్ళు వింటూ కూర్చున్నారు. కొన్ని ఇటుకలయ్యాక పెద్దసారు పిలిచాడు.

"మేస్త్రిగారూ!"

"ఎవరండీ?"

"నేను కంపెనీ నుంచి మాట్లాడుతున్నాను. రేపు మీరు పనికి రావాలి. ఆ గోడ అయ్యేదాకా మీరే కట్టాలి."

"కాసేపుండండి బాబూ," అన్నాడు మేస్త్రి దూరం నుంచే. "ఈ వరస పూర్తిచేసి మాట్లాడతాను."

వరస ఇంకా సగం కూడా అయ్యుండదని స్టూడియో అక్కకి తెలుసు. పెద్దసారుకి తెలియదు. ఆయన లైన్లోనే ఉన్నాడు.