ఐసులో వెళ్లిన ముక్క

కణం రెండుగా విడిపోయేటప్పుడు క్రోమోజోములు ఒకదానికొకటి అతుక్కుపోకుండా వాటికి పూతలా పట్టి ఉండే ప్రోటీన్ ఒకటుంది. పేరు కేఐ-67. మిగతా సమయంలో కేంద్రకంలోని డీఎన్ఏ పోగు ఎంత బిగుతుగా ముడుచుకోవాలన్నదానిలోనూ దాని చెయ్యి ఉండొచ్చంటారు. ఇంకా పూర్తిగా తేలలేదు. ఎమ్మెస్సీలో దీని మీద మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నదాన్ని నేను. ఏం లాభం, తగలెయ్యనా?

అమ్మ రొమ్ములో గడ్డ మంచిది కాదని పోర్ట్ బ్లెయిర్‌లోనే తేలింది. అది ఎంత జోరుగా పెరుగుతోందో తెలిస్తేగానీ ఏ మందు మొదలుపెట్టాలో చెప్పలేమన్నారు డాక్టరు. అందుకు, పెరుగుదలలో ఉన్న కణాల్లోనే కనిపించే ఆ ప్రోటీన్ ఎన్ని కణాల్లో ఉందో చూడాలి. ఆ పరీక్ష విశాఖపట్నంలో. గడ్డలోంచి తీసిన ముక్కను ఫార్మలిన్ సీసాలో వేసి నా చేతికిచ్చారు. మేముండే గరాచర్మలో మా పక్కింటాయన ఆ మధ్యాహ్నమే విమానంలో అక్కడికి వెళ్తున్నాడు. నాకేమో బడిలో పరీక్షల డ్యూటీ. సీసా నాన్న చేతిలో పెట్టి, "ఆయనకివ్వు, భద్రం" అని బస్సెక్కాను. ఏడాది పొడవునా పాఠాలు చెప్పే నోటికి ఇంకో మాట రాలేదు.

సాయంత్రం నాన్న గుమ్మంలోనే ఎదురయ్యాడు, ముఖం వెలిగిపోతూ.

"అమ్మీ, మూత తీసి సూసాను. అరే, ఏటా కంపు! దొంగ యాపారోళ్లు కుళ్లిన సేపలకి కొడతారే, ఆ దవాయే! మీ యమ్మ ఒంటి ముక్కని అందులో ఏస్తారా? పారబోసీసి, మంచినీళ్లతో కడిగి, ఐసు దట్టంగా యేసి పంపీసాను. పక్కా తాజాగుంటాది."

ఆయన జీవితమంతా సముద్రం మీదే గడిచింది. పట్టిన చేపకి ఏనాడూ మందు తగలనివ్వలేదు. ముక్కను కాపాడేది ఆ మందేనని ఆ ముఖం చూస్తూ ఎలా చెప్పను? విమానం వెళ్లిపోయింది. "మంచి పని చేశావు నాన్నా" అన్నాను. పిరికిదాన్ని.

కొన్నాళ్లకు కబురొచ్చింది. ముక్క చెడిపోయింది, ప్రోటీన్ సంగతి ఏమీ చెప్పలేం, మళ్లీ పంపండి. అమ్మకి మళ్లీ కోత. అమ్మ ఆస్పత్రి సంచి మళ్లీ సర్దుకుంది. నాన్న మాత్రం, "తాజాగానే సేరింది గదా?" అని అడిగాడు.

"చేరింది నాన్నా. ముక్క సరిపోలేదట."

రెండోసారి తీసిన రోజు సీసా పట్టుకుని ఆస్పత్రి బయటికొచ్చాను. గేటు దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు. కాళ్ల దగ్గర ఆయన చేపల పెట్టె, అడుగు నుంచి నీళ్లు కారుతూ.

"తే అమ్మీ. ఈసారి ఐసు డబుల్ ఏయించాను."

సీసా ఇవ్వలేదు. ఇక దాచడానికి దారి లేదు. "పోయినసారి ముక్క చెడిపోయింది నాన్నా. మందు పారబోయడం వల్ల" అనేశాను.

ఆయన పెట్టె వైపు చూశాడు. తర్వాత అమ్మ ఉన్న వార్డు వైపు.

"అంటే ఇయ్యాల మీ యమ్మని నానే కోయించాను."

"కాదు, నేను చెప్పాల్సింది..." అంటున్నాను. ఆయన వినడం లేదు. వంగి, పెట్టె మూత తీసి, ఐసంతా గుప్పిళ్లతో కాలువలోకి తోడేస్తున్నాడు.