పోగు కలిపిన పిల్ల

కర్నూలు నుంచి కడపకు పోయే బస్సులో నా పక్కన ఒక నేతగాళ్ల పిల్ల కూర్చుంది. నర్సు చదువుకు రెండుచోట్ల సీటు వచ్చిందట. ఏదో ఒకటి ఆ సాయంత్రంలోగా చెప్పాలట.

"ముప్పై ఏండ్లు పెద్దాసుపత్రి నడిపినోణ్ణి, నన్నడుగు," అన్నాను మీసం దువ్వుతూ.

"నాయనకు చూపు తగ్గుతాండాది సార్. జీఎన్ఎం డిప్లొమా అయితే మూడేండ్లే, తొందరగా జీతమొస్తాది. బీఎస్సీకి నాలుగేండ్లు. జీఎన్ఎంలో చేరితే ఇంక బీఎస్సీ అందదేమోనని భయం. తర్వాత చేయనిస్తారా?"

పిల్ల నా వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది. నా మీసం దిగింది.

"నేను నడిపింది నా మంచమొక్కటేనమ్మా. హెర్నియా ఆపరేషనుకు వారం పడుకున్నా. అయితే నాకు సూదేసిన నర్సమ్మ ముందు జీఎన్ఎం చేసి, ఉద్యోగం చేసి, తర్వాత రెండేండ్లు చదివి బీఎస్సీ అయ్యింది. ఆమే చెప్పింది."

ఆ పిల్ల గట్టిగా ఊపిరి వదిలింది. చున్నీ అంచులో రెండు పోగులు తీసుకుని వేళ్ల మధ్య మెలిపెట్టి ఒకటి చేసింది. మగ్గం మీద పాత పడుగు పోగుల కొసకు కొత్త పడుగు పోగులను అట్లే అతుకుతారు.

మైదుకూరులో దిగుతూ నవ్వింది. "ఆసుపత్రి సార్ కంటే పేషెంటే శానా నయం తాతా!"

ఇప్పుడు ఏ నర్సమ్మ సూదేసినా పోగు కలిపిన ఆ పిల్లేమోనని ముందు ఆమె వేళ్లు చూస్తాను. నొప్పే తెలియదు.

సరే, కొంచెం తెలుస్తుంది.