లోతు చాంబర్, మరిపెడ దారి

ఆ రోజుల్లో నాకొక పిచ్చి నమ్మకం ఉండేది, లెక్క సరిగ్గా ఉంటే మనుషులు వింటారని. ఇంజనీరింగ్ కాలేజీలో ఎవరూ దాన్ని సరిదిద్దలేదు. మెకానికల్ బ్రాంచిలో ఉన్న కొద్దిమంది ఆడపిల్లల్ని సార్లు ముందు బెంచీలో కూర్చోబెట్టి, వర్క్‌షాప్ రోజున మాత్రం పక్కకు జరిగి రికార్డు రాసుకోమనేవారు. (నా రికార్డు చాలా అందంగా ఉండేది. సగం క్లాసు దాన్నే చూసి రాసి పాసయింది.) చదువయ్యాక హన్మకొండ దారిలో ఒక కార్ల షెడ్డులో పని దొరికింది. మామూలు రిపేర్ల షెడ్డు కాదు, కారుకు కంపెనీ ఇచ్చిన వేగం చాలదనుకునే కుర్రాళ్లు వచ్చి ఇంజన్ జోరు పెంచుకునే చోటు. యజమానిని అందరూ అన్న అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. పెళ్లి కుదిరేదాకా చెయ్యనీ అని నాన్న ఒప్పుకున్నాడు. అన్న నన్ను బిల్లుల కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. నాకూ జాకీల మీద లేచిన కార్లకూ మధ్య ఒక అద్దం తలుపు ఉండేది. ఆ తలుపు దాటి లోపల పని చెయ్యాలన్నదే నా కోరిక. ఇప్పుడు రాస్తుంటే ఎంత చిన్నగా కనిపిస్తోందో గానీ, అప్పుడు నాకు అంతకంటే పెద్దది ఏదీ లేదు.

"లోపలంత గ్రీజు, బూతులు. నీకెందుకు చెల్లె? జర ఆగు, సూద్దాం" అనేవాడు అన్న.

ఆ సూద్దాం ఒక ఎండాకాలంలో చిన్న సేటు రూపంలో వచ్చింది. గింజల మార్కెట్లో వాళ్ల నాన్న పెద్ద సేటు కాబట్టి ఇతను చిన్న సేటు. ఎవరో వాడి అమ్మేసిన విదేశీ ఆటోమేటిక్ కారు కొని, జోరు పెంచి, అందం కోసం స్ప్రింగులు కోయించి, నేలకు ఆనేంత కిందికి దించాడు. మన ఎండలో, మన ట్రాఫిక్‌లో దాని గేర్‌బాక్స్ నూనె కాగిపోయి, గేరు మారినప్పుడల్లా కారు మొండి గేదెలా కుదిపేది. దానికి మందు గేర్‌బాక్స్ అడుగున నూనె నిలిచే తొట్టిని మార్చడం. షెడ్డులో దాన్ని చాంబర్ అంటారు. లోతైన చాంబర్ వేస్తే నూనె ఎక్కువ పడుతుంది, ఎక్కువ నూనె తొందరగా కాగదు. చిక్కల్లా ఏమిటంటే లోతు పెరిగిన కొద్దీ అది కిందికి వేలాడుతుంది. పొట్ట పెరిగిన మనిషికి చొక్కా గుండీ దగ్గర వచ్చే కష్టమే దీనికి రోడ్డు దగ్గర వస్తుంది.

"ఏది ఎయ్యాల్నో నువ్వే తేల్చు చెల్లె" అన్నాడు అన్న. "గీ కారు సక్కగ నడిస్తె సోమవారం సంది నువ్వు లోపలనే."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు స్కూటీ మీద స్కేలు పెట్టుకుని ఊళ్లోని స్పీడ్ బ్రేకర్లన్నీ కొలవడానికి బయలుదేరాను. కాశిబుగ్గ సందుల్లో మోకాళ్ల మీద కూర్చుని కొలుస్తుంటే జనం నన్ను మున్సిపాలిటీ మనిషి అనుకున్నారు. "మేడం, మా ఇంటి ముందల గూడ ఒకటి ఏయించుండ్రి, పోరగాళ్లు బండ్లు ఎగేసుకుంట పోతాండ్రు" అని ఒకామె మంచినీళ్లు తెచ్చింది. ఇంకొకామె పొంగిపోయే మురుగు మోరీ గురించి చెప్పి, నేను రాసుకోవడం లేదని కోప్పడింది. (చివరికి రాసుకున్నాను. ఆ మోరీ సంగతి ఏమైందో ఇప్పటికీ తెలియదు.) షెడ్డుకు తిరిగొచ్చి మెకానిక్‌లందరినీ ఆ కారులో ఇరికించి, డిక్కీలో పక్క కొట్టు బియ్యం బస్తాలు వేయించి, కింద పడుకుని కొలిచాను. ఎందుకంటే మన దగ్గర కారు ఖాళీగా పోదు. వెనకాల ఒక అత్తమ్మ, ఆమె ఒడిలో ఒక పిల్ల, కాళ్ల దగ్గర ఒక సంచి లేకుండా మన కారు వీధి మలుపు కూడా దాటదు. పుస్తకాల్లో ఈ బరువు ఉండదు, నా లెక్కలో ఉంది. అందుకు నాకు భలే గర్వంగా ఉండేది.

తేలిందేమిటంటే కొంచెం లోతున్న చాంబర్ చాలు, దానికి తోడు నూనె చల్లబరిచే చిన్న రేడియేటర్ ఒకటి ముందు వైపు పెట్టాలి. అన్నింటికంటే లోతైనది వేస్తే సేటు ఒక్కడే ఎక్కినప్పుడు ఫరవాలేదు, ఇంటిల్లిపాదీ ఎక్కితే మాత్రం తాకుతుంది. ఈ మాట ఇద్దరికీ విడమరిచి చెప్పాను. కానీ ఆ లోతైనది ధగధగ మెరిసే అల్యూమినియంది, వీపు మీద చేప మొప్పల్లాంటి గీతలున్నది. చిన్న సేటు దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని ఇక దించలేదు.

"సార్, కిందుండేది. ఎవలు సూస్తరు?" అన్నాను.

"మా దోస్తులు వంగి సూస్తరు మేడం."

"ఇంట్లోళ్లు ఎక్కితే తాకుతది సార్."

"ఇంట్లోళ్లను ఎక్కించుకుంటె అది స్పోర్ట్స్ కారెట్లయితది? నేనొక్కణ్ణే తిరుగుత."

నేను అన్న వైపు చూశాను. అన్న చాంబర్ వైపు చూశాడు. "ఆయనకు గదే నచ్చింది చెల్లె. ఫికర్ చేయకు" అన్నాడు.

నేనొక్కణ్ణే తిరుగుతానని చెప్పిన మనిషికి ఇంట్లో నానమ్మ ఉందన్న సంగతి మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. బండికి పెద్ద సామాను మార్చాక మొదట ఇంటివాళ్లందరూ ఎక్కి నాలుగు ఊళ్లు దాటొస్తేనే అది అచ్చొస్తుందన్నది ఆమె పట్టు. పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, అన్నీ అయ్యాయి. మరిపెడలో వాళ్ల బంధువుల గృహప్రవేశం ఉంది కాబట్టి అందరూ అదే కారులో బయలుదేరారు. నానమ్మ, అమ్మ, మేనత్త, ఆమె పిల్లలు, డిక్కీలో కానుకగా ఇచ్చే ఇత్తడి బిందెలు, నెయ్యి డబ్బా, బియ్యం. "ఏమన్న సప్పుడొస్తె సూసుకుంటది" అని అన్న నన్నూ వాళ్లతో పంపాడు. ఏ బరువు వద్దని నేను మొత్తుకున్నానో ఆ బరువులో నన్నూ కలిపి ఎక్కించారన్నమాట.

ఊరు దాటేదాకా ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా అందరినీ దింపాను. పట్టుచీరల ఊరేగింపు రోడ్డు పక్కన నడిచి వెళ్తుంటే కారు ముక్కుతూ దాటేది. నానమ్మ మాత్రం దిగలేదు. "నేను దిగ. నా మోకాళ్లు దిగనియ్యవు. ఇది కారా, కాలినడకనా?" అంది. మేనత్త చెప్పులు చేత్తో పట్టుకుని, "బస్సులైతే కూసోని పోదుము" అంది. మరిపెడ దగ్గరపడేసరికి ముహూర్తం మించిపోతోందని అందరికీ కంగారు పట్టుకుంది. అక్కడొక స్పీడ్ బ్రేకర్ ఉంది, ఊరివాళ్లే చందాలేసుకుని సిమెంటుతో పోసుకున్నది, చిన్నపాటి గోడ. "దిగుండ్రి, దిగుండ్రి" అని నేను అరుస్తూనే ఉన్నాను. "ఏం గాదు" అన్నాడు చిన్న సేటు.

కింద పెద్ద బండరాయి పగిలినట్టు చప్పుడైంది. కారు ఇంకొంత దూరం పాకి ఆగిపోయింది. దిగి చూస్తే వెనకాల రోడ్డు పొడవునా ఎర్రటి చార. గేర్ నూనె రంగు ఎరుపన్న సంగతి నాకు తెలుసు, ఊరికి తెలియదు.

"గుద్ది ఆపకుంట పోతాండ్రు సూడు!" అని ఎవరో కేకేశారు. క్షణంలో జనం పోగయ్యారు. ఒక పెద్దాయన తలపాగా విప్పి పట్టుకుని పరుగున వచ్చాడు. "నా మేక! పొద్దటి సంది కనవడ్తలేదు! నా మేకను తొక్కిచ్చిండ్రు!"

"మేకను గుద్దలేదు, ఇది నూనె" అన్నాను.

"నూనెయితె ఎర్రగెందుకుంటదే?" అంది కారులోంచి నానమ్మ. ఆమె కూడా వాళ్ల పక్షమే.

"దాని రంగే గట్లుంటది నానమ్మా."

"మరి మేకేది?" అన్నారు జనం. మేక దొరకకపోవడమే మా నేరానికి రుజువైంది. నేను కొత్త చుడీదార్‌తో కారు కిందికి దూరి, పగిలిన చాంబర్ కింద చేతులు పెట్టి, మోచేతుల దాకా ఎర్రగా తడుపుకుని బయటికొచ్చి అందరికీ వాసన చూపించాక గానీ జనం తగ్గలేదు. (ఎర్రని చేతులతో జనం మీదికి వస్తున్న ఆడపిల్లను చూసి మేనత్త పిల్లలు ఏడుపు లంకించుకున్నారు.)

అప్పుడే చిన్న సేటు అన్నకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. అన్న గొంతు ఊరందరికీ వినపడింది. "నేనేం జేసేది సేటూ? ఆ పిల్లనే ఏరింది. సదువుకున్నది గదా అని ఒప్పజెప్పిన."

"అన్నా! నేను సిన్నది ఎయ్యాలన్న గదా! సార్, పెద్దది గావాల్నని మీరే గదా అన్నది? జెప్పుండ్రి!"

చిన్న సేటు తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఆ బూట్ల మీద అంతసేపు చూడవలసింది ఏముందో నాకిప్పటికీ అర్థం కాదు. నానమ్మ తల బయటపెట్టి, "పోనియ్యిండ్రి, ఆడివిల్ల, ఎరుకలేక జేసింది" అంది. అంతటితో నన్ను క్షమించేశారు. చెయ్యని తప్పుకు నలుగురిలో దొరికిన క్షమను ఏం చేసుకోవాలో మా కాలేజీలో చెప్పలేదు. వాళ్లందరూ ఆటోల్లో గృహప్రవేశానికి వెళ్లారు. నన్ను బస్సులో వరంగల్ వెళ్లిపొమ్మన్నారు.

మర్నాడు అన్న మెత్తగానే మాట్లాడాడు. "నీ తప్పని నేనంటలేను చెల్లె. కానీ కస్టమర్ ముందల నన్ను అబద్ధాలోణ్ణి జేస్తివి. గింత కోపం లోపల పనికిరాదు." తర్వాత ఆ కారుకు నేను చెప్పిన చాంబరే వేశారు, నేను చెప్పిన రేడియేటరే పెట్టారు. అద్దానికి ఇవతల కూర్చుని దాని బిల్లు నేనే టైపు చేశాను. కారు కుదుపు పోయింది. ఆ చాంబర్‌ను చేత్తో పట్టుకుని అన్న ఫోన్లో వీడియో తీయించుకుని, మన రోడ్లకు తగ్గట్టు తానే సొంతంగా లెక్క కట్టానని చెప్పాడు. ఇంటినిండా జనం ఎక్కే సంగతి కూడా, నా మాటల్లోనే, చెప్పాడు. కొన్నాళ్లకు నాకు సంబంధం కుదిరింది. మానేస్తానని చెబితే అన్న స్వీటు డబ్బా ఇచ్చాడు.

ఇప్పుడు మా కారు సర్వీసుకు ఇచ్చినప్పుడు ప్రశ్న నేనడుగుతాను, అక్కడివాళ్లు జవాబు మా ఆయనకు చెబుతారు. పాపను ఎత్తుకుని పక్కన నిలబడి వింటాను. (ఇది రాస్తూ మధ్యలో లేచి పాప నుదురు తాకి వచ్చాను. జ్వరం లేదు. అయినా ఇంకోసారి చూడాలి.) రేపు ఇదీ పెద్దయి ఏదో ఒక లెక్క సరిగ్గా కట్టి, ఎవరి ముందో నిలబడుతుందనే భయం నాకు జ్వరం భయంకంటే ఎక్కువ.

ఆ రోజు సంగతి ఒకటి మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మరిపెడలో బస్సు కోసం నిలబడి, నూనె అంటిన ఎర్రటి చేతులతో ఏడుస్తుంటే ఆ మేక పెద్దాయన వచ్చాడు, మేకను తాడు పట్టుకుని లాక్కుంటూ. ఎవరి దొడ్లోనో దొరికిందట. చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోసి, "బిడ్డా, గంత పెద్ద గిన్నె ఎందుకు వెట్టిండ్రు మరి?" అన్నాడు. చెప్పాను. నూనె ఎందుకు కాగుతుందో, లోతు ఎందుకు కావాలో, ఎంత లోతు దాటకూడదో, కాశిబుగ్గ స్పీడ్ బ్రేకర్లు, బియ్యం బస్తాలు, ఏదీ వదలకుండా చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు, తొందరపడలేదు. అంతా విని, "నువ్వు జెప్పంగ ఇన్నరా మరి?" అన్నాడు. నేను ఇంకా రేడియేటర్ దగ్గరే ఉన్నాను, అది ఎందుకు ముందు వైపే ఉండాలో చెప్పబోతున్నాను, బస్సు వచ్చేసింది.

కిటికీలోంచి తల బయటపెట్టి, బస్సు కదులుతున్నా, గాలి తగలాలి తాతా అందుకే ముందు వైపు అని అరిచిన ఆ పిల్లను తలచుకుంటే నాకు నవ్వొస్తుంది. మన బస్సులు ఎప్పుడూ ఆలస్యమే. ఆ రోజుకు మాత్రం సరిగ్గా టైముకు వచ్చింది.