పింగాణీ తల తీగ

ఇస్త్రీ అక్కను ఆ వీధిలో ఎరగనివాళ్లు లేరు. ఆమె గదిలో గోడకు ప్లగ్గు పెట్టే చోటే లేదు. పైకప్పునుంచి వేలాడే రెండు నోళ్ల హోల్డరే దిక్కు. ఒక నోట్లో బల్బు, రెండో నోట్లో ఇస్త్రీపెట్టె తీగ. ఆ తీగ రెండో కొసన నల్లటి పిడి, దాని లోపల తెల్ల పింగాణీ. పెట్టె వెనక పిన్నులకు దాన్ని తగిలించుకోవచ్చు, పనయ్యాక ఊడదీసి చుట్టి పెట్టుకోవచ్చు. ఆ ఊడి రావడమే ఆమె కొంప ముంచింది.

మొగుడు మహానుభావుడు తాగొచ్చిన ప్రతిసారీ ఆ తీగే అందుకునేవాడు. పింగాణీ తల పడ్డచోటల్లా వీపు బొప్పి కట్టేది. పాపిష్టోడు, కొట్టి కొట్టి చివరికి ఆ పింగాణీనే పగలగొట్టాడు. లోపలి రాగి బయటపడితే అక్క గుడ్డపీలిక చుట్టి, జాగ్రత్తగా పట్టుకుని పని చేసుకునేది. కొత్తది కొంటే దాంతోనూ కొడతాడుగా!

తన ఒంటిమీద పడ్డవన్నీ పళ్ల బిగువున ఓర్చుకుంది. కూతురి మీద మాత్రం ఒక్క దెబ్బ పడనివ్వలేదు.

ఆ మధ్యాహ్నం పెట్టె కాలుతుండగా ఊగుతూ వచ్చి అక్క చెంప పగలగొట్టాడు. కూతురు అడ్డం వచ్చింది.

"చాలు నాన్నా, ఇంక కొట్టకు!"

"నాకే ఎదురు చెబుతావా? నీ తోలు వొలుస్తా చూడు!" అంటూ తీగ మీదికి వంగాడు.

"ముట్టుకోకు!" అని అరిచింది అక్క. తీగలో కరెంటు ఉందని ఆమె గోల. ఆయనగారికి మాత్రం పిల్లను ముట్టుకోవద్దన్నట్టు వినిపించింది.

"నా కూతుర్ని నేను ముట్టుకోకూడదా? చెప్పడానికి నువ్వెవతివే?"

పింగాణీ తల పట్టి ఒక్క లాగు లాగాడు. పీలిక జారింది, చెయ్యి రాగికి అతుక్కుపోయింది. నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు, ఒళ్లంతా గిలగిల కొట్టుకుంది. "నాన్నా!" అని కూతురు దూకబోతే అక్క దాని జుట్టు పట్టి వెనక్కి విసిరేసింది. తలుపుకు అడ్డంవేసే కర్ర అందుకుని అతని మణికట్టు మీద బాదింది. ఎముక ఫెళ్లుమంది. చెయ్యి తీగనుంచి ఊడి, మనిషి నేలమీద పడి మూలిగాడు.

అక్క మళ్లీ కర్ర ఎత్తింది. భుజం మీద ఒకటి, మోకాలి మీద ఒకటి, మూతి మీద ఇంకొకటి. నేలంతా నెత్తురు.

కూతురు ఏడుస్తూ కాళ్లకు అడ్డం పడింది. "అమ్మా, కరెంటు ఎప్పుడో వదిలేసిందే! ఇంక కొట్టక్కర్లేదే!"

"తెలుసు, పక్కకి జరుగు," అంది అక్క.